కుర్చీ జరిపితే

స్టేజీ మీద డైలాగు మరిచిపోతే కంగారు పడొద్దని మాస్టారు మాకు మొదటి క్లాసులోనే నేర్పారు. పక్కనున్న కుర్చీ కాస్త జరపాలి. ఎదుటి నటులకు అదే గుర్తు. మరిచిపోయిన మాటను వాళ్లు ప్రశ్నలో పెట్టి అందించాలి. చూసేవాళ్లకు అనుమానం రాకూడదు.

నలభై ఏళ్లుగా నాటకాలాడుతూ, సినిమాల్లో వేస్తూ, ఇంతమందికి నేర్పిన ఆయన మాత్రం ఏనాడూ కుర్చీ ముట్టుకోలేదు. "నీలాంటి మతిమరుపు మేళం కోసం కనిపెట్టానే, నాకెందుకు!" అని మీసం మెలేసేవారు.

ఇవాళ షూటింగులో ఆయన కూతురి వేషం నాది. పెద్ద సీను, ఒక్క టేకులో దులిపేశారు. యూనిటంతా చప్పట్లు కొట్టింది.

మేకప్ రూములో రంగు తుడుచుకుంటూ నన్ను ఆటపట్టించారు. "ఏడుపు సీనులో ఆ ఎగబీల్చడం ఏంటే, జలుబనుకుంటారు!"

ఇంతలో ఆయన భార్య క్యారేజీ పట్టుకుని లోపలికొచ్చింది. "అయిపోయిందా?" అంది.

మాస్టారు ఆమెను చూసి మర్యాదగా నవ్వారు. లేచి కుర్చీ కాస్త జరిపారు. కూర్చోమంటున్నారనుకున్నాను. కానీ ఆయన చూపు నా మీద ఉంది. అలాగే నిలిచిపోయింది.

వెంటనే అడిగాను.

"మీ ఆవిడ భోజనం తెచ్చారు కదా మాస్టారూ, వడ్డించమనరా?"

"ఆఁ, వడ్డించవోయ్, ఆకలి దంచేస్తోంది," అన్నారు హాయిగా, ఆమె భుజం తట్టి.

ఆయన చేతులు కడుక్కోవడానికి వెళ్లగానే ఆమె క్యారేజీ మూత తీస్తూ, తల ఎత్తకుండానే అంది.

"థాంక్సమ్మా. ఇంట్లో అయితే నేనెవరో నేనే అందించుకోవాలి."