దులుపుకుంటే సరే

పోచమ్మ గుడి ముందు కట్టయ్య మేకపోతు మీద మళ్లీ పసుపునీళ్లు చల్లాడు. అది ఒళ్లు దులుపుకోలేదు.

"జర ఎక్కువ సల్లు మామా, లేటైతాంది," అంది కోడలు రమ.

గద్దె మీద కూర్చున్న మనవరాలు మహిత చదువుతున్న పుస్తకం టప్పున మూసింది. "మాయల కథలన్న నయం తాతా. ఈ జంతువుల పుస్తకం ఉత్త అబద్ధం. దీంట్ల మేక నన్ను కొయ్యొద్దంటది, అందరు వింటరు!"

"నువ్వు జెరంతోని దవాఖానల ఉన్నప్పుడు మొక్కిన మొక్కు బిడ్డా ఇది. అయినా దాన్ని అడగకుండ కొయ్యం. నీళ్లు సల్లినంక దులుపుకుంటే ఒప్పుకున్నట్టు."

"మరి ఒద్దనాలంటే ఎట్ల జెప్తది?"

"దులుపుకోకుండ ఊకుంటది," అన్నాడు కట్టయ్య, మళ్లీ చెంబులో చెయ్యి ముంచుతూ.

మహిత మేకపోతు వంక చూసింది. తడిసిన చెవులు వేలాడేసుకుని అది కదలకుండా నిలబడి ఉంది.

"గప్పటి సంది గదే జెప్తాంది గద తాతా."

రమ గబుక్కున కూతురి నోరు మూసింది.

కట్టయ్య అమ్మవారి వంక చూశాడు. జ్వరానికి చిక్కిపోయిన మనవరాలి మెడ వంక చూశాడు. చెంబులో ముంచిన చెయ్యి పైకి రాలేదు.