పట్టీ కింద

ఇంట్లోనే సొంతంగా తయారుచేసుకున్న చిన్న విమానం కూలి అతను పోయి ఆర్నెల్లయింది. షెడ్డులో బల్ల మీద పెట్టిన ఆ విమానం పెట్రోలు ట్యాంకును తిప్పి, దర్యాప్తు అధికారి అతని భార్యకు వెంట్రుకంత పగులు చూపించాడు.

"ట్యాంకును పట్టి ఉంచే ఈ ఇనుప పట్టీ కింద రబ్బరు వెయ్యలేదమ్మా. ఇంజను అదురుకి రేకు ఇక్కడే చిట్లింది. పెట్రోలంతా కారిపోయి, గాల్లోనే ఇంజను ఆగిపోయింది."

"అంటే తప్పు ఆయనదే కదా?"

పక్కనే నిలబడ్డ మరిది తలెత్తలేదు. "కాదు వదినా. పట్టీ బిగించింది నేను. రబ్బరు అయిపోతే లేకుండానే బిగించేశాను. మళ్ళీ విప్పడం దేనికని, అన్నయ్య అడిగితే వేశానని చెప్పేశాను."

ఆమె మరిది వైపు తిరిగింది.

"కొట్టు వదినా. ఏదో ఒకటి అను."

ఆమె పగులు మీద అరచెయ్యి పెట్టింది.

"రోజూ ఆయన్నే తిట్టుకున్నాను. నీ అజాగ్రత్తే నిన్ను చంపింది, మమ్మల్ని నడిరోడ్డు మీద వదిలేశావు అని. ఆ కోపంలో ఆయన కోసం ఒక్క కన్నీటి చుక్క కూడా రాల్చలేదు."

అంటూనే కూలబడి, ఆ ట్యాంకును ఒళ్ళోకి లాక్కుని బావురుమంది.

మరిది ఆమె వైపు ఒక అడుగు వేసి, ఆగిపోయాడు.