వీరుడి కాపలా

“రాజకుమారి యాడికి పోయినా ఈ వీరుడు గుర్రమెక్కి వెనకాలే పోతాడు. ఎందుకు?” పాత వీరగాథ పాఠం చెబుతూ ఇంగ్లీషు మాస్టారు యతిరాజులు అడిగారు.

మునిశేఖర్ ఛాతీ విరుచుకుని లేచాడు. రేణిగుంట నుంచి రూపశ్రీ ఎక్కే బస్సు వెనకాలే అతను రోజూ బైకు మీద కాలేజీకి వస్తాడు.

“ఆమెను కాపాడేదానికి సార్!”

“శభాష్! వీరుడి మనసు పట్టేసినావప్పా!”

ముందు బెంచీలోంచి రూపశ్రీ లేచింది. “కతంతా చదివినాను సార్. దావలో దొంగా లేడు, రాక్షసుడూ లేడు. తిరిగి సూస్తే ఈ గుర్రమొకటే కనబడతా ఉండాది. దానికి బయపడే ఆమె దావ మార్చుకునింది.”

క్లాసంతా గొల్లుమంది.

మునిశేఖర్ మెల్లగా కూర్చున్నాడు. పోయిన నెల రూపశ్రీ బస్సు మార్చింది తన ప్రేమను పరీక్షించడానికేనని అతను ఇందాకటిదాకా మురిసిపోయాడు.