చుక్కలకు అడ్డం

కనుచూపు మేరలో చెట్టూ పుట్టా లేని మైదానం. ఆ రాత్రి సర్వేయరమ్మ స్టాండు మీద రిసీవర్ బిగించి, దాని కాళ్ల దగ్గర చతికిలబడింది. చేతిలోని తెరమీద ఉపగ్రహాలు పచ్చటి చుక్కలై ఒక్కొక్కటే వెలిగాయి. అంతలోనే ఆమె కూర్చున్న వైపు చుక్కలు ఆరిపోయాయి.

రిసీవర్ పక్కన మనిషి నిలబడితే అంతే. ఒళ్లు అడ్డమై ఆ వైపు సిగ్నల్ అందదు. కింద కూర్చుంటే ఏ అడ్డూ ఉండదు. బతికున్నన్నాళ్లూ భర్త టార్చి పట్టుకుని ఆమె పక్కనే అలా నిలబడేవాడు.

"కూర్చోండి మహానుభావా, చుక్కలు పోతున్నాయి!" అని ఆమె కసిరేది.

"నేనేమన్నా కొండనా, ఆకాశానికి అడ్డం పడ్డానికి?" అంటూనే గొంతుక్కూర్చునేవాడు.

ఆమె తల తిప్పి చూసింది. ఎవరూ లేరు. కీచురాళ్లు కూడా ఎప్పుడు ఆగిపోయాయో ఏమో, రిసీవర్ కూత ఒక్కటే వినిపిస్తోంది. లేచి, స్టాండుకి అవతలి పక్కకెళ్లి కూర్చుంది. పోయిన చుక్కలు తిరిగొచ్చాయి. ఈసారి ఇటువైపువి ఆరిపోయాయి.

ఆమె తన పక్కనున్న ఖాళీ వైపు తిరిగింది.

"కాస్త కూర్చుంటారా?"

చుక్కలన్నీ వెలిగాయి.

కొలత పూర్తయ్యేదాకా ఒక్కటీ చెదరలేదు. పని కాగానే ఆమె కొంగుతో కళ్లు తుడుచుకుంది. సామాను సర్దబుద్ధి కాలేదు.

"అయిపోయిందండీ," అంది మెల్లగా. "ఇంక లేచి ఇలా దగ్గరికి రండి. ఈసారి కసరన్లెండి."

తెరమీద ఒక్క చుక్క కూడా మిగల్లేదు.