నీళ్లు పడే వీడియో

పట్టపగలు, ఎండ నెత్తి మాడుస్తుండగా, శ్రీను నాలుగు బోల్టులు విప్పి సోలార్ బోరు డబ్బాను గోనెసంచిలో వేసుకున్నాడు. తిరుమలగిరి అవతల, కరెంటు లైను కూడా రాని చెలక అది. ప్యానెళ్ల స్తంభం మీద ఎర్రరంగుతో ‘తిరుపతయ్య’ అని రాసి ఉంది. ఆ తిరుపతయ్య ఎవరో శ్రీనుకు తెలియదు. దొంగకు ఆ వివరాలెందుకు?

ప్యానెళ్ల కరెంటును మోటారుకు సరిపోయేట్టు మార్చే డబ్బా అది. అది లేకపోతే ఎంత ఎండ కాసినా చుక్క నీరు రాదు. కొత్తది అరవై వేలు. సగానికి అమ్ముడుపోయినా చాలు, కోదాడలో చూసొచ్చిన డీజే సెట్టు శ్రీను సొంతమవుతుంది. వినాయక చవితికి తన డీజేనే మోగుతుందని ఊరంతా చాటింపేసుకున్నాడు మరి. పండుగ పన్నెండు రోజులే ఉంది. మోగకపోతే ఊళ్లో తలెత్తుకోలేడు.

మిర్యాలగూడలో పాత సామాన్ల వ్యాపారి డబ్బాకు వైర్లు తగిలించి చూశాడు. లైటు వెలగలేదు.

“ఇది సచ్చింది. కిలోల లెక్కన ఇస్తవా?”

శ్రీను డబ్బాను మళ్లీ అతని ముందుకు తోశాడు. “బాగుచేపిచ్చుకొస్తే?”

“గిది నడిచి బోరు నీళ్లు పోస్తున్నట్టు వీడియో పంపు. ముప్పై వేలు చేతుల పెడ్త. సూర్యాపేటల సుగుణ అని ఉంటది. ఇసొంటియి ఇప్పి బాగుచేసేటోళ్లు జిల్లాల ఆమె ఒక్కతే.”

సుగుణకు ముప్పై ఏళ్లుంటాయి. బల్ల మీద పెట్టిన డబ్బాను కాసేపు చూసింది. తర్వాత శ్రీనును కూడా అంతే సేపు చూసింది. మూత తీస్తే లోపల దుమ్ము, పత్తి నూగు, చీమలు.

“మండుటెండల బిగించిండ్రు. గాలి కొట్టే ఫ్యాను దుమ్ముతోని జామైంది. లోపల గరమై పార్టు కాలింది. ఎవరిదిది?”

“మా మామది మేడం. మా అమ్మకు తోడబుట్టినోడు.”

“ఏం పేరు?”

“తిరుపతయ్య.”

సుగుణకు ఉన్నట్టుండి దగ్గొచ్చింది. లోపలికి పోయి నీళ్లు తాగి వచ్చింది.

“మామ కోసం గింత తిరిగే అల్లుళ్లు ఈ కాలంల ఏడున్నరు! పార్టు హైదరాబాద్ నుంచి రావాలె. ఏడు వేలు ముందుగాల కట్టు.”

శ్రీను తనకున్న ఒకే ఒక్క స్పీకర్‌ను అమ్మి ఏడు వేలు కట్టాడు. పెద్ద సెట్టు వస్తుంటే చిన్నది పోతే పోయిందిలే అనుకున్నాడు.

మూడోనాడు పార్టు వచ్చింది. దాంతోపాటు కొత్త పేచీ వచ్చింది.

“మోటారు ఎన్ని హెచ్‌పీ? బోరు ఎన్ని ఫీట్లు? ప్యానెళ్లెన్ని? ఆ లెక్కలు ఈ డబ్బాల ఎక్కించకుంటే మళ్ల కాలుతది. పోయి మీ మామను అడుగు.”

చచ్చినట్టు పోయాడు. సోలార్ సర్వే అని చెప్పుకుని, చేతిలో ఒక నోటుబుక్కు పట్టుకుని చెలకలో దిగాడు. నెల రోజులుగా వాన లేదు. వాడిపోతున్న పత్తి మధ్య తిరుపతయ్య దిగాలుగా నిలబడి ఉన్నాడు. పాపం, డబ్బా పోయిందని ఒక్క మాట కూడా అనలేదు. పైగా చెంబెడు చల్ల ఇచ్చాడు.

“రాసుకో బిడ్డా. ఐదు హెచ్‌పీ, మూడొందల ఫీట్లు, పదహారు ప్యానెళ్లు. ఇంకేమన్న సూసేదుంటే ఆదివారం రా. మేము మొక్కు తీర్చ గుట్టకు పోతున్నం, గీడ ఎవ్వరుండరు.”

ఇంత అమాయకుణ్ణి దోచుకోవడం పాపమేమోనని శ్రీనుకు ఒక్క క్షణం అనిపించింది. మరుక్షణమే చెవుల్లో డీజే మోగింది.

ఆదివారం సుగుణ ఆటోలో డబ్బాతోపాటు ఇనుప స్టాండు కూడా వేసుకొచ్చింది.

“మా మామోళ్లు గుట్టకు పోయిండ్రు మేడం. జల్ది కానియ్యుండ్రి.”

“జల్ది చేస్తే జల్దే కాలుతది. డబ్బా నీడల ఉండాలె. ప్యానెళ్ల కింద గుంత తియ్యి.”

శ్రీను గుంత తీశాడు. స్టాండు పాతాడు. రాళ్లు మోసుకొచ్చి చుట్టూ దిమ్మె కట్టాడు. చొక్కా తడిసి ముద్దయింది.

“జరసేపటికి గింత మజ్‌బూత్ ఎందుకు మేడం?”

“పని చేస్తే సక్కగ చెయ్యాలె.”

వీడియో కావాలి కదా, మరో రాయి పేర్చాడు. డబ్బా బిగించాక సుగుణ స్విచ్ నొక్కింది. ఆకుపచ్చ లైటు వెలిగింది. పైపు గుడగుడమంది, దగ్గింది, ఆ తర్వాత బుస్సుమని నీళ్లు దూకాయి. శ్రీను చిన్నపిల్లాడిలా ఎగిరి గంతేశాడు. వీడియో తీసి మిర్యాలగూడకు పంపాడు. ‘తెచ్చెయ్’ అని వెంటనే జవాబొచ్చింది.

నీళ్లు కాలువ వెంట పత్తిలోకి పారుతున్నాయి. శ్రీను మెల్లగా స్పానర్ తీసి మొదటి బోల్టు మీద పెట్టాడు.

అప్పుడే కంది చేను వెనక నుంచి తిరుపతయ్య లేచాడు. అతని వెంట కర్రలు పట్టుకుని మరో నలుగురు లేచారు. శ్రీను చేతిలోని స్పానర్ జారి బురదలో పడింది. సుగుణ చేతులు దులుపుకుంటూ గొంతెత్తి పిలిచింది.

“నాయినా, రా, మన బోరు నడిచింది! పార్టుకు పైసలు లేవని మూడు నెలల సంది ఏడుస్తివి గద, నీకు అక్కచెల్లెండ్లు లేకున్నా మేనల్లుడొకడు పుట్టుకొచ్చి ఏడు వేలు పెట్టిండు, ముందుగాల ఆయనకు కాళ్లకు నీళ్లియ్యి!”