స్టేడియంలో రెండు గంటలు

ఈ ఏడాది ఫుట్‌బాల్‌లో అమెరికా జట్టు బయట ఆడే మ్యాచ్‌లు మూడూ మధ్య అమెరికాలోనే పడ్డాయి. మాకు సెలవు మాత్రం ఒక్కదానికే దొరుకుతుంది. కాన్సస్ సిటీలో మా వంటింటి బల్ల మీద మా ఆయన క్లిఫ్ మ్యాప్ పరిచాడు.

"పెళ్ళయి పాతికేళ్ళు. ఈసారి ఊరు నువ్వే చెప్పు, డోరీన్. పనామా అయితే సముద్రం కూడా ఉంది."

"కోస్టారికా" అన్నాను.

అతని వేలు మ్యాప్ మీదే ఆగిపోయింది. "అక్కడెందుకే? మ్యాచ్ అయ్యాక మనలాంటి బయటివాళ్ళని రెండు గంటలు స్టాండ్‌లోనే కూర్చోబెడతారు. పోలీసులు గేట్లు తియ్యరు. ఆరేళ్ళ కిందట వెళ్ళినప్పుడు నేను ఆ అవస్థ పడ్డానుగా."

"తెలుసు. మా నాన్న పోయిన రోజు. ఎన్నిసార్లు చేసినా నువ్వు ఫోనెత్తలేదు."

"ఆ గోలలో వినపడలేదని చెప్పానుగా."

"చెప్పావు. అందుకే ఆ రెండు గంటలూ నీ పక్కన కూర్చోవాలనుంది."

వారం రోజులు పనామా పాట పాడి, చివరికి టికెట్లు తీశాడు.

కోస్టారికా రాజధాని శాన్ హోసేలో మావాళ్ళు ఒక్క గోలు తేడాతో ఓడారు. చివరి ఈల పడగానే మా వెనక గేటు బార్లా తెరిచారు. ఎప్పుడూ ఇంతేనా అని కాపలా మనిషినడిగాను.

"ఇంతేనమ్మా. పదిహేనేళ్ళుగా ఈ గేటు నాదే. ఎవర్నీ ఆపింది లేదు."

పది నిమిషాల్లో స్టాండ్ ఖాళీ అయింది. క్లిఫ్ లేచి కండువా మడత పెడుతున్నాడు. నేను లేవలేదు.

"కూర్చో, క్లిఫ్. ఇంకా గంటా యాభై నిమిషాలుంది. ఆ రోజు ఎవరితో ఉన్నావో మొదట్నించీ చెప్పు."