బెంచీ దగ్గర కావలింతలు

“ఇవాళ వాణ్ణి అమ్మేస్తారు, చూస్తూ ఉండు” అంది లొరెట్టా, ఇంకా కారు దిగకముందే.

“నీ నోట మంచి మాటే రాదా?” అన్నాడు ఎర్ల్.

జూలై ఆఖరి రోజు. సాయంత్రం ఐదు దాటితే ఈ ఏడాదికి ఆటగాళ్ళ మార్పిడి ఆగిపోతుంది. ఈలోపు ఎవర్ని ఏ జట్టుకి తోలేస్తారో దేవుడికే తెలియాలి. కోల్బీని పంపేస్తే ఎర్ల్ ఏమైపోతాడోనని ఆమె భయం. పోస్టాఫీసు ఉద్యోగం మానేసి, సొంతిల్లు అమ్మేసి, అయోవాలో ఈ నది ఒడ్డు ఊరికొచ్చి అద్దెకుంటున్నది కోల్బీ బేస్‌బాల్‌లో బంతి వేస్తుంటే చూడ్డానికే. తెలిసినవాళ్ళంతా పిచ్చి అన్నారు. అననీ.

ఎప్పటిలాగే వల వెనక మొదటి వరసలో కూర్చున్నారు. రెండో వరసలో గస్ అప్పటికే హాట్‌డాగ్ నములుతున్నాడు. ఒకప్పటి బస్సు డ్రైవరు, నోటి దురుసు మనిషి.

“వచ్చాడండీ అసలు మేనేజరు” అన్నాడు ఎర్ల్‌ని చూసి. “ఏం, మెకార్డల్‌ని ఇంటికి పంపేద్దామా మరి?”

“ఎప్పుడో పంపాల్సింది. మేనేజరంటే గెలిచిన ఆటలు లెక్కపెట్టడం కాదోయ్. బంతి ఎవరి చేతిలోంచి ఎప్పుడు లాక్కుంటాడో చూడాలి. వీడు బాగా వేస్తున్నవాణ్ణి ఆపేస్తాడు, చేతకానివాణ్ణి నెత్తిన పెట్టుకుంటాడు.”

“పైనున్న పెద్ద జట్టువాళ్ళ ఆర్డరు పెద్దమనిషీ. కుర్రాళ్ళ చేతులు పాడవకుండా చూసుకోవాలి. ఆయన చేతిలో ఏముంది?”

“ఏమీ లేనప్పుడు అక్కడెందుకు, దిష్టిబొమ్మలా?”

కోల్బీ మొదటి బంతి వేశాడో లేదో ఎర్ల్ లేచి నిలబడ్డాడు.

“మోచెయ్యి పైకెత్తరా దద్దమ్మా. ఎన్నిసార్లు చెప్పాలి.”

కోల్బీ ఇటు చూడలేదు. టోపీ కనుబొమల దాకా లాక్కున్నాడు. లొరెట్టా వలకి మొహం ఆనించి చూసింది. టోపీ అలా లాక్కున్నాడంటే ఒంట్లో బాగోలేదన్నమాట. ఏం తిన్నాడో, ఎప్పుడు తిన్నాడో. ఆమెకి అందరి మీదా బెంగే. మొన్న అంపైరు కుంటుతూ నడిస్తే ఆయన మోకాలి కోసం కూడా ప్రార్థన చేసింది.

“ఇరవై ఏళ్ళ కుర్రాడయ్యా” అన్నాడు గస్. “ఎందుకలా మీద పడతావు? పైకొస్తాడో రాడో ఇంకో మూడేళ్ళకి గానీ తేలదు.”

“నీకు తేలదు. నాకు వాడు పుట్టుకతోనే ఎడమచేతివాడని తెలిసిన రోజే తేలిపోయింది.”

“అబ్బో, జ్యోతిష్యం కూడానా. నన్నడిగితే మంచి బేరమొచ్చినప్పుడే ఇచ్చేసుకోవాలి. రేపు ఆ భుజం పోయిందంటే ఊరికే ఇస్తామన్నా ఎవడూ తీసుకోడు.”

ఎర్ల్ వెనక్కి తిరిగాడు. “ఆ మాట ఇంకోసారి అను. ఆ హాట్‌డాగ్ నీ చెవిలో కుక్కుతా.”

లొరెట్టా అతని చొక్కా పట్టి లాగింది. ఆ భుజం గురించి ఎవరు మాట్లాడినా ఆమెకి చెమటలు పడతాయి.

నాలుగో ఇన్నింగ్స్‌లో కోల్బీ వరసగా బంతులు బయటికి వేశాడు. ఎర్ల్ వల పట్టుకుని ఊపేశాడు. “మెడ మీదున్నది తలా, గుమ్మడికాయా?”

“మెల్లగా, ఎర్ల్. వాడికి వినపడుతుంది.”

“వినపడాలనే అరుస్తున్నా.”

అప్పుడు మెకార్డల్ బెంచీ మీంచి లేచాడు. నింపాదిగా మైదానం మధ్యకి నడిచాడు. కోల్బీ చేతిలోంచి బంతి తీసుకుని, భుజం మీద చెయ్యి వేసి వెనక్కి తీసుకొచ్చాడు.

జనం ఈలలు వేశారు. అంతలోనే ఈలలు ఆగిపోయాయి. బెంచీ దగ్గర ఆటగాళ్ళు ఒక్కొక్కరే లేచి కోల్బీని కావలించుకుంటున్నారు.

ఈ రోజున, ఆట మధ్యలో, బెంచీ దగ్గర కావలింతలంటే అర్థం ఒక్కటే. చిన్నపిల్లలకి కూడా తెలుసు.

“అన్నానా” అంది లొరెట్టా.

ఎర్ల్ కుర్చీలు దాటుకుంటూ బెంచీ పక్క కంచె దాకా పరిగెత్తాడు. “ఒరేయ్ మెకార్డల్. ఎవడికి కట్టబెట్టావురా? వాడికి బదులు ఏ చచ్చు సరుకు తెచ్చుకున్నావు?”

మెకార్డల్ టోపీ తీశాడు. ఎర్ల్‌ని చూశాడు. ఏదో అనబోయి, దూరంగా ఉన్న లొరెట్టా వైపు ఒకసారి చూసి, తిరిగి వెళ్ళిపోయాడు.

“మార్పిడి మంచిదో చెడ్డదో ఐదేళ్ళాగి చెప్పాలి” అన్నాడు గస్, ఈసారి మెల్లగా.

“నోర్ముయ్” అన్నాడు ఎర్ల్.

ఆట అయ్యాక ఆటగాళ్ళు బయటికొచ్చే గేటు దగ్గర నిలబడ్డారిద్దరూ. కోల్బీ భుజాన సంచితో వచ్చాడు. లొరెట్టా బ్యాగులోంచి టర్కీ శాండ్‌విచ్ తీసి అతని చేతిలో పెట్టింది. అతను తీసుకున్నాడు.

ఎర్ల్ దారికి అడ్డంగా నిలబడ్డాడు.

“ఎవరు చేశారీ పని? మెకార్డలేనా? పేరు చెప్పు చాలు. వాడి అంతు నేను చూస్తా.”

కోల్బీ సంచిని కారు డిక్కీలో పెట్టాడు.

“పోనీ, ఏ జట్టు? ఏ ఊరు? ఆదివారానికల్లా అక్కడ ఇల్లు చూసుకుంటాం. లొరెట్టా, వెళ్ళగానే సామాను సర్దు.”

లొరెట్టా కదల్లేదు. ఇన్నాళ్ళూ ఏది జరుగుతుందోనని భయపడిందో అది జరిగిపోయింది. మరి ఇంకా ఈ దడ ఎందుకో ఆమెకి అర్థం కాలేదు.

“అడుగుతుంటే మాట్లాడవేం?” అన్నాడు ఎర్ల్.

కోల్బీ డిక్కీ మూశాడు. లోపల మైదానానికి నీళ్ళు కొడుతున్న చప్పుడు వినిపిస్తోంది. శాండ్‌విచ్‌ని ఈ చేతిలోంచి ఆ చేతిలోకి మార్చుకున్నాడు. కారు తలుపు తెరిచి, మళ్ళీ మూశాడు. నీళ్ళ చప్పుడు కూడా ఆగిపోయింది.

“నన్ను ఎక్కడికైనా పంపేయమని మెకార్డల్‌ని కాళ్ళావేళ్ళా పడి బతిమాలింది నేనే, నాన్నా.”